పదకొండు సార్లు

ఆ ఏడు బాబూనా అనే సీమచామంతి పూల కోతలు మొదలయ్యేనాటికి నా కవలలకు మూడో నెల. పిల్ల రొఖయ్యా, పిల్లాడు యాసీన్. ఇద్దరికీ నా పాలే. నడుము చుట్టూ దిండు కట్టుకుని, ఒకళ్ళ కాళ్ళు కుడి చంక కిందికీ ఇంకొకళ్ళ కాళ్ళు ఎడమ చంక కిందికీ పోయేలా పడుకోబెట్టుకుని ఒకేసారి ఇచ్చేదాన్ని. అలా కూర్చుంటే నా రెండు చేతులూ రెండు తలల కింద ఇరుక్కుపోయేవి. ముక్కు మీద ఈగ వాలినా తోలుకునే వీలు లేదు. షాబాన్ పక్కన చతికిలబడి, రొట్టె ముక్కను చిక్కుడుగింజల కూరలో ముంచి నా నోట్లో పెట్టేవాడు.

"కవలలు కాదే నీకు, ముగ్గురు పసిపిల్లలు నాకు," అనేవాడు.

చేలో పూలు మన తీరిక చూసి పూయవు. తెల్ల రేకులు కిందికి వాలకముందే కోయాలి. కోసినవాటిని ఆ పూటే తడికల మీద పలచగా పరవాలి, లేకపోతే నల్లబడిపోతాయి. అలా నల్లబడ్డ పువ్వును కషాయానికి ఎవరూ కొనరు. పదిహేనుమంది ఆడవాళ్ళు కోతకు వచ్చేవాళ్ళు. ఎవరు ఏ సాలులో ఉన్నారో చూడటం, తట్టలు ఎత్తించడం, ఎండలో పూలు తిరగేయించడం నా పని. షాబాన్ కాలవ నీళ్ళ వంతూ బేరగాళ్ళనూ చూసుకునేవాడు. పిల్లల బుట్ట చేను గట్టున, జామచెట్టు నీడలో ఉండేది. ఒకళ్ళు ఏడవగానే రెండోవాళ్ళు అందుకునేవాళ్ళు. సాళ్ళ మధ్య నుంచి ఆడవాళ్ళు అరిచేవాళ్ళు: "హనియ్యా! బర్రెను దూడలు పిలుస్తున్నాయి!" నేను చేతులకంటిన పసుపు పొడి దులుపుకుంటూ పరిగెత్తేదాన్ని.

ఒళ్ళు హూనమైన రోజులవి. అయినా అంతకంటే సుఖంగా నేను ఎప్పుడూ లేను. ఆ సంగతి అప్పుడు తెలియలేదు.

ఫిబ్రవరిలో ఒక శుక్రవారం నయీమా పెద్దత్త వచ్చింది. మా అత్తయ్యకు అక్క. షాబాన్ పుట్టిన నెలలోనే అత్తయ్యకు టైఫాయిడ్ తగిలితే, అయిదు నెలలు తన కొడుకుతోపాటు షాబాన్‌కూ పాలిచ్చి నిలబెట్టింది ఆమే. ఆ తర్వాత కొన్నేళ్ళకు మొగుడితో లిబియా వెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు మొగుడు పోయి, మా ఫయ్యూమ్ సీమకు తిరిగి వచ్చింది. మా పెళ్ళికి రాలేదు. నేను ఆమెను చూడటం అదే మొదలు. షాబాన్ మాత్రం ఫోనులో కూడా పెద్దమ్మా అనేవాడు కాదు, అమ్మా అనే పిలిచేవాడు.

భారీ మనిషి. గుమ్మంలోకి వస్తూనే ఇల్లు దద్దరిల్లేలా మాట్లాడింది. "ఏదీ, ఒకే కాల్పులో రెండు రొట్టెలు కాల్చిన పిల్ల ఏదీ?"

నేను లేవలేని స్థితిలో ఉన్నాను. ఇద్దరూ రొమ్ముల మీద ఉన్నారు. షాబాన్ పక్కన పళ్ళెం పెట్టుకుని నాకు తినిపిస్తున్నాడు. అత్తయ్య, మా అమ్మ ఎండిన పూల నుంచి పుల్లలు ఏరుతున్నారు. అమ్మ ప్రతి శుక్రవారం కాలవ అవతలి ఊరి నుంచి నాకు మెంతుల జావ చేసి తెచ్చేది.

"అల్లా చల్లగా చూడాలి," అని పెద్దత్త మమ్మల్ని ఎగాదిగా చూసింది. "బర్రెకు కూడా నాలుగుంటాయి. నీకున్నవి రెండే కదే. ఎట్లా సరిపెడుతున్నావు?"

"సరిపోతున్నాయి వదినా," అంది అమ్మ. "దిష్టి పెట్టకు. దీన్ని కన్నప్పుడు నాకు చుక్క రాలేదు. అది చచ్చిపోయేదే. ఎవరో మహాతల్లి పాలిచ్చి బతికించింది."

ఆ కథ నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నదే. అమ్మ ఎవరు కొత్తగా కనబడినా చెబుతుంది.

"భూకంపం వచ్చిన వారం వదినా. పట్నం ఆస్పత్రి. కాన్పులో నెత్తురు ఆగక నాకు ఒంటి మీద తెలివి లేదు. గోడలు మళ్ళీ ఊగుతాయేమోనని మంచాలన్నీ బయటికి లాగేశారు. పక్క మంచం ఇల్లాలు నాలుగు రోజులు దీని ఆకలి తీర్చింది. నేను కళ్ళు తెరిచేసరికి ఆమె వెళ్ళిపోయింది. పేరైనా తెలియదు. ఇప్పటికీ నా ప్రతి నమాజులో ఆమెకోసం దువా చేస్తాను."

అప్పటికి వాళ్ళతోపాటు పూలు ఏరుతున్న పెద్దత్త చేయి ఆగింది. "నీ మంచం మామిడిచెట్టు కింద వేశారా?" అని అడిగింది మెల్లగా.

"అవును."

"మీ అమ్మకు ఒక కన్ను లేదు. ఎడమది."

అమ్మ చేతిలోని చేట కింద పెట్టేసింది. "నీకెట్లా తెలుసు?"

"నా చేతిలో దానిమ్మపండు పెట్టి, నా తల మీద ముద్దుపెట్టుకుని ఏడ్చింది. అల్లా! అల్లా!" పెద్దత్త లేచి వచ్చి నా ముఖాన్ని రెండు చేతుల్లో పట్టుకుంది. ఆమె కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. "నువ్వా? ఆ పిచ్చుకపిల్లవి నువ్వా? చూడవే చెల్లీ, నా పాలు తాగిన పిల్ల మన ఇంటికే కోడలై వచ్చింది!"

అమ్మ ఆమె కాళ్ళ మీద పడబోయింది. అత్తయ్య నాలుక ఆడిస్తూ పెళ్ళిళ్ళలో వేసే సంబరపు కేక అందుకుంది. ఆ కేక సగంలో తెగిపోయింది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అందరూ ఎందుకు మాట్లాడటం మానేశారా అని చూశాను. షాబాన్ చేతిలో రొట్టె ముక్క నా నోటి దాకా వచ్చి ఆగి ఉంది. నేను నోరు తెరిచే ఉన్నాను. అతను ఆ ముక్కను తిరిగి పళ్ళెంలో పెట్టాడు. వేళ్ళు చొక్కాకు తుడుచుకున్నాడు.

"అమ్మా," అన్నాడు పెద్దత్తతో, "నాకు ఎన్నాళ్ళు ఇచ్చావు పాలు?"

జవాబు ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఆమె చేత్తో నోరు మూసుకుంది. షాబాన్ లేచి, నా వైపు చూడకుండా, చెప్పులు వేసుకోకుండానే మసీదు వైపు వెళ్ళిపోయాడు. పిల్లలిద్దరూ గుటకలు వేస్తూనే ఉన్నారు. ఆ చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

ఒక తల్లి పాలు తాగిన ఇద్దరు అన్నాచెల్లెళ్ళు. వాళ్ళకు పెళ్ళి లేదు. మాలో ఇది పసిపిల్లకు కూడా తెలుసు.

సాయంత్రానికి కబురు వచ్చింది. పట్నంలో మతపరమైన తీర్పులు చెప్పే షేక్ మహ్రూస్ దగ్గర విచారణ అయ్యేదాకా ఇద్దరూ ఒక గదిలో ఉండకూడదని మా ఊరి ఇమాం చెప్పాడు. షేక్ ఊళ్ళో లేడు, రెండు వారాలు పడుతుంది. షాబాన్ తన దుప్పటి కూడా తీసుకోలేదు. పూలు ఎండబెట్టే కొట్టంలోకి మారిపోయాడు.

ఆ రెండు వారాలూ నేను కోతలకు వెళ్ళాను. వెళ్ళకుండా ఉంటే ఏం చేయాలో తెలియలేదు. తట్టలు ఎత్తించాను, పూలు తిరగేయించాను. ఆడవాళ్ళెవరూ నాతో హాస్యాలాడలేదు. షాబాన్ చేను ఆ చివర ఉంటే నేను ఈ చివర ఉండేదాన్ని. ఒకసారి మంచినీళ్ళ కుండ దగ్గర ఎదురుపడ్డాం. అతను లోటా నా చేతికివ్వబోయి, నేల మీద పెట్టి రెండడుగులు వెనక్కి వేశాడు. నేను వంగి తీసుకున్నాను. రెండేళ్ళుగా నా పక్కన పడుకున్న మనిషి అతను.

అతని ముఖంలో నా పోలిక ఉందేమోనని వెతకడం మొదలుపెట్టాను. పాలతో పోలికలు రావని తెలుసు. అయినా వెతికాను.

నాలుగో రోజుకు పాలు తగ్గిపోయాయి. రొమ్ములు చేతిరుమాళ్ళలా వేలాడాయి. పిల్లలు చప్పరించి, ఏమీ రాక, తలలు అటూ ఇటూ కొట్టుకుని ఏడ్చేవాళ్ళు. అమ్మ మెంతుల జావ, నువ్వుల హల్వా నా నోట్లో కుక్కింది. అత్తయ్య వేడినీళ్ళ గుడ్డలు పెట్టింది. ఏమీ జరగలేదు. ఒళ్ళు మూసుకుపోయినట్టయింది.

ఒక మధ్యాహ్నం చేలోంచి వచ్చేసరికి పొరుగింటి సౌసన్ మా వాకిట్లో కూర్చుని ఉంది. ఆమెకూ చంటిపిల్లే. రొఖయ్యాను ఒడిలోకి తీసుకుని చొక్కా బొత్తాం విప్పుతోంది. "గుక్కపట్టి ఏడుస్తోంది హనియ్యా, చూడలేకపోయాను. నాకు బోలెడన్ని ఉన్నాయి, ఒక్క పూట..."

నేను ఎలా దూకానో నాకే తెలియదు. పిల్లను లాక్కున్నాను. ఆ లాగడంలో సౌసన్ బొత్తాం తెగి ఎక్కడో పడింది.

"నోట్లో పెట్టావా?" అని అరిచాను. "చెప్పు! ఒక్క చుక్క అయినా పోయిందా?"

"లేదే తల్లీ, లేదు, ఒట్టు..."

పిల్ల నోట్లో వేలు పెట్టి చూశాను. పెదవులు తుడిచాను. పొడిగా ఉన్నాయి. సౌసన్ ఏడుస్తూ వెళ్ళిపోయింది. ఆమె మంచిదే. నా ప్రాణాన్ని నిలబెట్టిన మనిషి చేసిందే తనూ చేయబోయింది. నేను గడప మీద కూలబడి పిల్లను అలాగే పట్టుకున్నాను. ఆ పూట నుంచి డబ్బా పాలు కలిపి చెంచాతో పోశాం. చెంచా నోటికి పెట్టినప్పుడల్లా పిల్లలు నా రొమ్ము వైపే చూసేవాళ్ళు.

విచారణకు ముందు రోజు వంటింట్లో అత్తయ్య, పెద్దత్త పోట్లాడుకోవడం విన్నాను.

"అయిదు సార్లు కడుపునిండా తాగితేనే లెక్కట," అంటోంది అత్తయ్య. "మూడు సార్లే ఇచ్చానని చెప్పు. నాలుగని చెప్పు. ఇరవై ఆరేళ్ళ కిందటి ముచ్చట, ఎవడు చూశాడు?"

పెద్దత్త గిన్నెలు తోముతున్న చప్పుడు ఆగింది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటాను. అసలు నీ నోరు ఎందుకు లేచింది? ఇన్నాళ్ళు లిబియాలో ఉన్నదానివి అక్కడే చావకపోయావా?"

"చావాల్సింది," అంది పెద్దత్త. "చావాల్సిందే చెల్లీ. నీ మాట నిజం."

అంతే.

మర్నాడు పొద్దున్నే మినీబస్సులో పట్నం వెళ్ళాం. షాబాన్ ముందు సీట్లో డ్రైవరు పక్కన కూర్చున్నాడు. వెనక నేను, అమ్మ, అత్తయ్య, పెద్దత్త, పిల్లలు. షేక్ మహ్రూస్ గదిలో చిన్న బల్ల, నాలుగు కుర్చీలు, కిటికీలో తులసి లాంటి రైహాన్ కుండీ ఉన్నాయి. షేక్ ముసలాయన. అందర్నీ కూర్చోమని, పిల్లలను చూసి, "కవలలా? మాషా అల్లా," అన్నాడు. ఆ మాటకే అత్తయ్య ఏడ్చేసింది.

ముందు షాబాన్ సంగతి అడిగాడు. అందులో వాదన లేదు. అయిదు నెలలు. తర్వాత పెద్దత్త వైపు తిరిగాడు.

"ఈ అమ్మాయికి ఎన్నిసార్లు ఇచ్చావు తల్లీ? గుర్తున్నంత చెప్పు. ఖాయంగా తెలియనిది చెప్పకు."

"పదకొండు సార్లు."

"ఇరవై ఆరేళ్ళయింది. ఏడో, నాలుగో, అంత ఖాయంగా ఎలా చెప్పగలవు?"

పెద్దత్త తన చేతుల వైపు చూసుకుంది. "అయ్యా, నా పిల్ల ఆదివారం చచ్చిపోయింది. రెండు రోజుల పిల్ల. సోమవారం భూమి ఊగింది. పాలకు తెలియదు కదా పిల్ల లేదని? మంగళవారం నాకు పాలు పడ్డాయి. చొక్కా తడిసిపోతోంది, మంటలు. పక్క మంచం మీద ఈ పిల్ల ఏడుస్తోంది. మొదటిసారి ఇచ్చినప్పుడు నా కూతురికే ఇస్తున్నానని అనుకున్నాను. రెండోసారీ అనుకున్నాను. ప్రతిసారీ నా కూతురు ఇంకొక పూట బతికిందని లెక్క పెట్టుకున్నాను. పదకొండు పూటలు బతికింది. పన్నెండోసారి వచ్చేసరికి మా ఆయన వచ్చి నన్ను తీసుకెళ్ళిపోయాడు. నేను ఆ లెక్క మరిచిపోతానా అయ్యా?"

షేక్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఒక్క సాక్షి," అన్నాడు చివరికి. "ఈమె ఒక్కతే. కాగితాలు లేవు, అమ్మమ్మ బతికి లేదు, కన్నతల్లికి అప్పుడు తెలివి లేదు. కోర్టుకు ఇది చాలకపోవచ్చు. మీ ఇద్దరికీ నమ్మకం కుదరకపోతే నేను మిమ్మల్ని విడదీయను. కుదిరితే మాత్రం, కలిసి ఉండటానికి దారి లేదు. పిల్లలకు మచ్చ ఏమీ రాదు, వాళ్ళు మీ పిల్లలే. తెలియక చేసింది తప్పు కాదు. ఇప్పుడు మీరు చెప్పండి. ఈమె మాట నిజమని మీ మనసుకు తోస్తోందా?"

షాబాన్ నేల వైపు చూశాడు. "హనియ్యా ఏమంటే అదే," అన్నాడు.

అత్తయ్య నా చేయి పట్టుకుంది. గట్టిగా నొక్కింది. గోళ్ళు దిగాయి. లేదని చెప్పు, లేదని చెప్పు అంటోంది ఆ చేయి. అమ్మ కళ్ళు మూసుకుంది.

చెప్పగలను. ముసలామెకు లెక్క తప్పిందని ఒక్క మాటంటే చాలు. మినీబస్సులో షాబాన్ నా పక్కన కూర్చుంటాడు. ఇంటికి వెళ్ళి అన్నం తింటాం. నోరు తెరిచాను.

అప్పుడు నా రొమ్ముల్లోకి పాలు దిగాయి. పది రోజులుగా రానివి, సూదులు గుచ్చినట్టు ఒక్కసారిగా. పిల్లలు ఏడవను కూడా లేదు. పెద్దత్త మాట వింటూనే దిగాయి. గుడ్డ ముందంతా తడిసిపోయి, చల్లగా పొట్ట మీదికి కారింది. నాకు పెద్దత్త మీద కోపం రాలేదు. ఏ పిల్ల ఏ పూట ఎంత తాగిందో, ఎవరు ఏ వైపు వదిలేశారో నిద్రలో లేపి అడిగినా నేను చెప్పగలను. పాలిచ్చిన మనిషిని ఆ లెక్క అడిగి, ఆమె చెప్పాక నువ్వు అబద్ధం అనడం నా వల్ల కాలేదు.

"నమ్ముతున్నాను," అన్నాను.

షాబాన్ తల ఊపాడు. "నేనూ," అన్నాడు.

అంతా అయిపోవడానికి టీ చల్లారేంత సేపు కూడా పట్టలేదు. నేను ఆ గదిలోనే, గోడ వైపు తిరిగి, శాలువా కప్పుకుని ఇద్దరికీ పాలిచ్చాను. ఆగకుండా తాగారు. యాసీన్‌కు పొలమారింది. వెనక నుంచి షాబాన్ గొంతు వినబడింది: "వాడి తల కొంచెం పైకి పట్టు." అని, వెంటనే నాలుక కరుచుకున్నట్టు ఆగిపోయాడు.

ఇంటికి రాగానే నేను గుడ్డలు మూట కట్టుకోవడం మొదలుపెట్టాను. అమ్మ ఊరికి వెళ్ళిపోదామని. అత్తయ్య వచ్చి ఆ మూట విప్పేసింది.

"ఎక్కడికి?"

"మా అమ్మ దగ్గరికి."

"నువ్వు ఇప్పుడు ఎవరివో తెలుసా?" అంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "నా అక్క కూతురివి. మా అక్క కూతురు నా ఇంట్లో ఉండకూడదని ఏ షేక్ అన్నాడు? వెళ్ళాల్సింది వాడు. వాడికి వాళ్ళ అన్న ఇల్లుంది. నా మనవలు ఇక్కడే తాగుతారు, ఇక్కడే పెరుగుతారు."

పక్క గదిలో పెద్దత్త తన సంచీ సర్దుకుంటోంది. అత్తయ్య ఆమెతో మాట్లాడటం మానేసింది. నేను గుమ్మం దాకా వెళ్ళాను. ఆమె నా వైపు చూడలేకపోయింది. ఆమెను ఏమని పిలవాలి? పెద్దత్త కాదిక. ఆ రెండో మాట నా నోటికి రాలేదు. ఆమె చేయి తీసుకుని ముద్దుపెట్టుకున్నాను. ఆమె వీధి చివర బండి ఎక్కేదాకా అక్కడే నిలబడ్డాను.

షాబాన్ పెద్దన్న ఇంటికి మారాడు. రోజూ సాయంత్రం అత్తయ్య పిల్లలను అక్కడికి తీసుకెళ్ళి తీసుకొచ్చేది. నేను కోతలు పూర్తి చేయించాను. ఏప్రిల్‌కు చేను ఖాళీ అయింది. ఊళ్ళో వాళ్ళు మొదట గుసగుసలాడారు, తర్వాత దారిలో పలకరించారు, తర్వాత వేరే సంగతులు మాట్లాడుకున్నారు. నేను మాత్రం ఎవరైనా "షాబాన్ పెళ్ళాం" అని పిలిస్తే తిరిగేదాన్ని. పిలిచినవాళ్ళు నాలుక కరుచుకునేవాళ్ళు.

వసంతం పండగ నాడు ఊరంతా ఉప్పు చేపల, ఉల్లికాడల వాసన. అత్తయ్య గుడ్లకు రంగులు వేస్తోంది. నేను ముందు గదిలో చాప మీద, నడుముకు దిండు కట్టుకుని, పిల్లలిద్దరినీ రెండు పక్కలా వేసుకుని పాలిస్తున్నాను. ఇప్పుడు వాళ్ళ తలలు నిలిచాయి, నాకు ఒక చేయైనా ఖాళీగా ఉంటోంది. గుమ్మంలో నీడ పడింది.

షాబాన్. చేతిలో ఒక బుట్ట. దాని మీద తెల్లగుడ్డ కప్పి ఉంది, అంచుల్లోంచి పాలకూర ఆకులు, చేప తోకలు కనబడుతున్నాయి. పెళ్ళయిన అక్కచెల్లెళ్ళకు పండగ పూట అన్నదమ్ములు పట్టుకెళ్ళే సారె అది. మా నాన్నకు కొడుకులు లేరు. నాకు ఎప్పుడూ ఎవరూ తేలేదు.

నేను గబుక్కున శాలువా తల మీదికి లాక్కోబోయాను. పరాయి మగవాడి ముందు లాక్కున్నట్టు. చేయి సగంలో ఆగిపోయింది. అన్న ముందు ఎవరూ తల కప్పుకోరు. రొమ్ము మీదికి మాత్రం జరుపుకున్నాను.

అతను చూపు గోడ మీదికి తిప్పుకున్నాడు. చిక్కిపోయాడు. "పండగ కదా," అన్నాడు. "ఖాళీ చేతులతో ఉండకూడదని..." ఆ తర్వాతి మాట కోసం వెతుక్కున్నాడు. నా పేరు పిలవబోయాడు, ఇంకేదో పిలవబోయాడు, రెండూ రాలేదు.

ఆ గొంతు విని యాసీన్ రొమ్ము వదిలేసి వెనక్కి తిరిగాడు. బోసినోరు తెరిచి నవ్వాడు. గడ్డం మీద నుంచి పాలు కారాయి. వాళ్ళ నాన్న. వాళ్ళ మేనమామ.

"లోపలికి రా," అన్నాను. "చెల్లెలి గడపలో ఎవరైనా నిలబడతారా?"

అతను చెప్పులు విడిచాడు. బుట్ట నా ముందు పెట్టాడు. తన సొంత ఇంట్లో, చుట్టాలు కూర్చునే బల్ల మీద, అంచున కూర్చున్నాడు.